నచ్చకపోతే మానేయమంటున్నారు, మానేయాలా?

ప్రశ్న: యూనివర్సిటీ బ్యాడ్మింటన్ క్లబ్‌లో రెండేళ్ళుగా సభ్యురాలిని. మొత్తం 70 మంది దాకా ఉన్నాం. వారానికి మూడు సాయంత్రాలు, రెండేసి గంటలు, నాలుగు కోర్టులు ఇస్తారు. అందులో రెండు కోర్టులు ఎప్పుడూ టీమ్ వాళ్ళకే. మిగతా రెండింటి కోసం మేమందరం బెంచీ మీద కూర్చుని ఎదురుచూస్తాం. రాకెట్ గ్రిప్ విప్పడం, మళ్ళీ చుట్టడం, ఇదే మా ప్రాక్టీసు. రోజంతా కలిపి ఒక్క గేమ్ ఆడి వెళ్ళిపోతుంటాను. ఈ ఏడాది ఫీజు పెంచారు. మాకిచ్చే షటిల్స్ మాత్రం టీమ్ వాళ్ళు ఆడి వదిలేసిన, ఈకలు విరిగినవే. డబ్బులు ఏమవుతున్నాయని అడిగితే ట్రెజరర్ "అన్నిటికీ లెక్కుంది" అంటాడు. ఆ లెక్క ఎవరూ చూడలేదు. ఎన్నికలు జరగడం నేను చూడలేదు. పోయిన ఏడాది సెక్రటరీ వెళ్తూ వెళ్తూ తన ఫ్రెండ్‌కి అప్పజెప్పి వెళ్ళాడు. ఒకరోజు ధైర్యం చేసి అందరి ముందూ అడిగితే, "నచ్చకపోతే మానేయొచ్చు" అన్నారు. మాలో 20 మంది విడిపోయి వేరే క్లబ్ పెడదామంటున్నారు. ఇంకొందరు స్పోర్ట్స్ ఆఫీసులో కంప్లైంట్ ఇద్దామంటున్నారు. నాకు ఆటంటే ప్రాణం, గొడవలంటే టెన్షన్. ఏం చేయమంటారు?
— ఒక సభ్యురాలు

సమాధానం:

మానేయొద్దు. ఇంకో మాట చెప్పేలోగా ఇది చెప్పాలనిపించింది.

"నచ్చకపోతే మానేయొచ్చు" అనే మాట ఒక దుకాణదారు కొనడానికి వచ్చినవాళ్ళతో అనొచ్చు. సభ్యుల క్లబ్‌లో ఆ మాట అనే హక్కు ఎవరికీ లేదు, సెక్రటరీకి కూడా లేదు. క్లబ్ అంటే సభ్యులే. కమిటీ అంటే ఆ సభ్యుల తరఫున ఒక ఏడాది పని చూసుకునేవాళ్ళు. అంతకు మించి అందులో ఇంకేమీ లేదు. మీకు ఆ మాట గుచ్చుకుందంటే తప్పు మీ సున్నితత్వంలో లేదు. మీ సొంత ఇంట్లో నిలబడి ఉంటే ఎవరో వచ్చి బయటికి దారి చూపించినట్టయింది.

అయితే ఆ మాట మరో వైపు నుంచి కూడా చూడాలి. మీరు రాసినంతా "వాళ్ళు ఇస్తారు, మాకు ఇవ్వరు" అనే తీరులోనే ఉంది. రెండేళ్ళలో ఈ క్లబ్ మనది అన్నట్టు మీరూ ఎప్పుడూ నడుచుకున్నట్టు లేదు. మిమ్మల్ని తప్పుపట్టడానికి అనడం లేదు. ఇక్కడి నుంచే దారి మొదలవుతుందని అంటున్నాను.

ముందు ఒక లెక్క వేద్దాం. మీ కోపానికి ఈ లెక్క చాలా అవసరం.

ఒక సాయంత్రం 40 మంది వచ్చారనుకోండి. డబుల్స్‌లో కోర్టుకు నలుగురు. 21 పాయింట్ల గేమ్ ఒకటి అయిపోయి తర్వాతి వాళ్ళు దిగేసరికి సుమారు 15 నిమిషాలు పడుతుంది. రెండు గంటల్లో ఒక్కో కోర్టు మీద ఎనిమిది గేములు, అంటే 32 మందికి చోటు. టీమ్ వాళ్ళు పది మంది అనుకుంటే, వాళ్ళ రెండు కోర్టుల్లో 64 చోట్లు. తలా ఆరు గేములకు పైనే. మిగతా 30 మందికీ రెండు కోర్టుల్లో అవే 64 చోట్లు. తలా రెండు గేములు. రేపటి నుంచి నాలుగు కోర్టులూ అందరికీ సమానంగా పంచేసినా మీకు వచ్చేది మూడు గేములు, అంతే. అంటే మీ బాధలో కొంత భాగం కమిటీ వల్ల కాదు, కోర్టులు చాలకపోవడం వల్ల. ఎంత మంచి కమిటీ వచ్చినా బెంచీ మీద కూర్చోవడం తప్పదు.

ఇంకొకటి గమనించారా? ఇప్పుడున్న పద్ధతిలోనే మీకు రెండు గేములు రావాలి. మీరు ఒక్కటే ఆడుతున్నానంటున్నారు. మరి ఆ రెండోది ఎవరు ఆడుతున్నట్టు? టీమ్ వాళ్ళు కాదు, వాళ్ళు అవతలి కోర్టుల్లో ఉన్నారు. బెంచీ మీద మీ పక్కన కూర్చునేవాళ్ళలోనే ఎవరో మూడు నాలుగు ఆడుతున్నారు. చాలా క్లబ్బుల్లో దీనికి కారణం ఒకటే, గెలిచిన జంట కోర్టులోనే ఉండిపోవడం. బాగా ఆడేవాళ్ళు దిగరు, కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఒకసారి ఓడిపోయి మళ్ళీ వరస చివరికి వెళ్తారు. దీన్ని ఎవరూ అన్యాయం అనుకోరు, ఆట అంటే అంతే అనుకుంటారు.

దీనికి బ్యాడ్మింటన్ క్లబ్బుల్లో ఎప్పట్నుంచో ఒక తేలిక పద్ధతి ఉంది. పెగ్ బోర్డు అంటారు. ఒక చెక్క పలక, ప్రతి సభ్యుడి పేరుతో ఒక చిన్న పెగ్గు. హాల్లోకి రాగానే మీ పెగ్గు వరస చివర పెడతారు. కోర్టు ఖాళీ అయితే వరసలో మొదటి నలుగురు దిగుతారు. ఆడి రాగానే గెలిచినా ఓడినా పెగ్గు మళ్ళీ చివరికే. కొన్ని చోట్ల వరసలో మొదట ఉన్నవాళ్ళు తర్వాతి ఆరేడుగురిలోంచి తమతో ఆడేవాళ్ళను ఎంచుకోనిస్తారు, గేమ్ మరీ ఏకపక్షంగా కాకుండా ఉంటుందని. ఎవరి వంతు అని గొంతు చించుకోనక్కర్లేదు, పలకే చెప్తుంది. ఇది పెట్టడానికి కమిటీని దించక్కర్లేదు, స్పోర్ట్స్ ఆఫీసుకి వెళ్ళక్కర్లేదు. గోరుతో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

ఇక షటిల్స్, డబ్బు. ఈకల షటిల్‌లో 16 ఈకలుంటాయి, మొత్తం బరువు అయిదున్నర గ్రాములు దాటదు. ఒక్క ఈక విరిగితే గాల్లో వంకర తిరుగుతుంది. గట్టిగా స్మాష్ కొట్టే నలుగురు ఆడితే ఒక్క సాయంత్రంలో ఎన్ని పోతాయో మీరే చూసి ఉంటారు. మీ క్లబ్ ఖర్చులో పెద్ద వాటా వీటిదే అయ్యుంటుందని నా ఊహ. అలా అయితే మీరు అడగాల్సిన ప్రశ్న "డబ్బు ఎవరు తిన్నారు?" అన్నది కాదు. "టీమ్ వాడే షటిల్స్ ఖర్చు అందరి ఫీజులోంచి వస్తోందా, వస్తే అలా అని ఎవరు, ఎప్పుడు నిర్ణయించారు?" అన్నది. ఈ రెండు ప్రశ్నలకూ చాలా తేడా ఉంది. మొదటిది అడిగితే ఎదుటివాడు దొంగ అన్న మాటకు జవాబు చెప్పుకోవాలి. రెండోది అడిగితే కాగితం చూపించాలి.

ఈ తేడా నాకు అనుభవం మీద తెలిసింది. చదువుకునే రోజుల్లో ఒక వాలీబాల్ క్లబ్‌కి నేను ట్రెజరర్ని. ఒక్క పైసా ముట్టలేదు. కానీ బిల్లులన్నీ నా బ్యాగు పక్క జేబులో మడతలు పడి ఉండేవి. కొన్నింటి మీద అంకెలు చెమటకు చెరిగిపోయాయి. పరీక్షల హడావిడిలో రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటూ ఆరు నెలలు గడిపేశాను. ఒకరోజు అందరి ముందూ ఒకబ్బాయి లెక్క అడిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "నమ్మకం లేకపోతే మీరే చేసుకోండి" అన్నాను. మీ సెక్రటరీ మీతో అన్న మాటకీ దానికీ ఎంత తేడా ఉందో చూడండి. ఆ తర్వాత రెండు వారాలు నేను క్లబ్ వైపు వెళ్ళలేదు. చివరికి ఒక జూనియర్ అమ్మాయి హాస్టల్ గదికి వచ్చి, "అక్కా, ఆ బిల్లులు ఇలా ఇవ్వు, నేను తేదీల వారీగా పెడతాను" అంది. నేల మీద పరిచి ఇద్దరం రాత్రి దాకా కూర్చున్నాం. ఒకే బిల్లుకి రెండుసార్లు డబ్బు కట్టినట్టు అప్పుడే తేలింది. ఆ పొరపాటు నాదే. ఆ అబ్బాయి అడిగింది న్యాయమైన ప్రశ్నే. కానీ నా చేత లెక్క రాయించింది మాత్రం ఆ అమ్మాయి.

మీ ట్రెజరర్ కూడా అలాంటివాడే అని నేను చెప్పలేను. అడిగే తీరు అలా ఉంటే తప్పు చేయనివాడు గుప్పిట తెరుస్తాడు, చేసినవాడు ఇంకా బిగిస్తాడు. ఏది నిజమో మీకు తెలిసేది అలాగే.

ఎన్నికలు లేకుండా ఫ్రెండ్‌కి అప్పజెప్పడం గురించి. అది తప్పే. కానీ యూనివర్సిటీ క్లబ్బుకి మరే క్లబ్బుకీ లేని ఒక బలహీనత ఉంది. మూడు నాలుగేళ్ళలో మనుషులందరూ మారిపోతారు. బయట క్లబ్బుల్లో ఇరవై ఏళ్ళుగా ఉన్న పెద్దవాళ్ళు "మనం ఇలా చేసేవాళ్ళం కాదు" అని గుర్తుచేస్తారు. ఇక్కడ అలా చెప్పేవాళ్ళే ఉండరు. ఒక ఏడాది సర్వసభ్య సమావేశం పెట్టలేదంటే, మరుసటి ఏడాది వచ్చినవాళ్ళకు అలాంటిది ఒకటుంటుందనే తెలియదు. రెండేళ్ళ అలవాటు "ఎప్పుడూ ఇంతే" అయిపోతుంది. ఇంకోటి కూడా కనుక్కోండి. పోయిన ఏడాది సెక్రటరీ పనికి ఎవరైనా ముందుకొస్తారా అని అడిగితే ఎన్ని చేతులు లేచాయి? ఒక్కటీ లేవకపోతే, ఆ ఫ్రెండ్ కుర్చీ లాక్కున్నవాడు కాదు, బరువు నెత్తికెత్తుకున్నవాడు.

అందుకే మొదట చేయాల్సిన పని నియమావళి వెతకడం. యూనివర్సిటీ గుర్తింపు ఉన్న క్లబ్బుకి సాధారణంగా రాతపూర్వక నియమావళి ఉంటుంది. కాపీ స్పోర్ట్స్ ఆఫీసులోనో, విద్యార్థి సంఘం దగ్గరో ఉండాలి. కాపీ అడగడం కంప్లైంట్ ఇవ్వడం కాదు, మొహమాటపడకండి. దొరికాక మూడు విషయాలు చూడండి. ఎన్నిక ఎలా జరగాలి, లెక్కలు ఎప్పుడు ఎవరికి చూపించాలి, ఎంతమంది సభ్యులు సంతకాలు పెడితే ప్రత్యేక సమావేశం పెట్టి తీరాలి. ఈ మూడోదే మీ చేతిలో ఉన్న అసలు బలం. 20 మంది కలిసి విడిపోవడానికి సిద్ధంగా ఉన్నారంటే, సంతకాలు పెట్టడానికి మనుషులు ఉన్నట్టే కదా.

ఒకవేళ నియమావళే లేదంటే? అప్పుడు రాయమని అడగడమే మీ మొదటి కోరిక. విద్యార్థులు తమ ఆటకు తామే నియమాలు రాసుకోవడం కొత్తేం కాదు. 1848లో కేంబ్రిడ్జ్ విద్యార్థులు ఫుట్‌బాల్ ఆడదామంటే ఒక్కో స్కూలు నుంచి వచ్చినవాళ్ళు ఒక్కో రకంగా ఆడేవారు. ఒకరు బంతి చేత్తో పట్టుకుంటే ఇంకొకరు గగ్గోలు. చివరికి కొందరు ఒక గదిలో కూర్చుని గంటల తరబడి వాదించుకుని ఒక కాగితం మీద నియమాలు రాశారు. తర్వాత 1863లో ఫుట్‌బాల్ అసోసియేషన్ తన నియమాలు రాసుకునేటప్పుడు కేంబ్రిడ్జ్ నియమాల ప్రభావం దాని మీద పడింది. ఆ గదిలో కూర్చున్నవాళ్ళూ మీలాగే చదువుకుంటున్న పిల్లలే.

తర్వాత అడగడం. అందరి ముందూ వద్దు, ఒకసారి చూశారుగా ఏమైందో. కమిటీకి ఒక చిన్న ఉత్తరం రాయండి, పదీ పదిహేను మంది సంతకాలతో. దాదాపు ఇలా ఉండొచ్చు: "మన క్లబ్ నడవడానికి మీరు వెచ్చిస్తున్న సమయం మాకు తెలుసు. ఈ నెలాఖరులోగా ఒక సభ్యుల సమావేశం పెట్టమని కోరుతున్నాం. అందులో ఈ ఏడాది జమాఖర్చులు ఒక పేజీలో చూపించాలని, కోర్టుల సమయం ఎలా పంచాలో చర్చించాలని, వచ్చే ఏడాది కమిటీ ఎన్నిక తేదీ ప్రకటించాలని మా మనవి. లెక్కలు రాయడంలో, సమావేశం ఏర్పాట్లలో సాయం చేయడానికి మాలో ఇద్దరం సిద్ధం." ఆ చివరి వాక్యం తీసేయకండి. ఆ ఇద్దరూ ఎవరో ముందే తేల్చుకుని, పేర్లతో సహా రాయండి. ఉత్తరంలో ఎవరి తప్పూ ఎత్తిచూపొద్దు. కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి, ఇచ్చిన తేదీ రాసుకోండి.

మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఎక్కువ భయం వేసింది ఎక్కడంటే, ఇది టీమ్ వాళ్ళకీ మిగతావాళ్ళకీ పోరాటంగా మారేట్టు ఉండడం. ఆక్స్‌ఫర్డ్ రోయింగ్ క్లబ్‌లో 1987లో జరిగింది ఇక్కడ చెప్పాలి. కేంబ్రిడ్జ్‌తో పడవ పందెంలో ఆక్స్‌ఫర్డ్ 1976 నుంచి వరసగా పదేళ్ళు గెలిచి, 1986లో ఓడిపోయింది. మరుసటి ఏడాది జట్టులో అమెరికా నుంచి వచ్చిన మంచి రోయర్లు ఉన్నారు. ట్రెయినింగ్ పద్ధతుల మీద మొదలైన అసంతృప్తి, క్లబ్ అధ్యక్షుడు డొనాల్డ్ మెక్‌డొనాల్డ్‌కి పడవలో చోటు ఇవ్వడం మీద పెద్ద తగువుగా మారింది. అతను క్లబ్ అధ్యక్షుడు, అదే సమయంలో ఆ చోటు కోసం పోటీలో ఉన్న రోయరు కూడా. విషయం చివరికి కాలేజీల బోట్ క్లబ్ కెప్టెన్ల ఓటింగుకు వెళ్ళింది. వాళ్ళు అధ్యక్షుడి వైపు నిలిచారు. అమెరికన్లు తప్పుకున్నారు. రిజర్వ్ వాళ్ళను కలుపుకుని కట్టిన జట్టుతో ఆక్స్‌ఫర్డ్ ఆ ఏడాది నాలుగు పడవల పొడవు తేడాతో గెలిచింది.

తిరగబడినవాళ్ళు ఓడిపోయారు కాబట్టి మీరు నోరు మూసుకోండని చెప్పడానికి ఈ కథ చెప్పలేదు. అధికారం, సెలక్షన్ ఒకే మనిషి చుట్టూ తిరిగితే, అతను ఎంత నిజాయితీపరుడైనా అనుమానం తప్పదు. మీ క్లబ్‌లో కోర్టులు ఎవరికి ఎన్ని అని తేల్చేది కమిటీయే, ఆ కమిటీలో టీమ్ వాళ్ళు ఎంతమంది ఉన్నారో చూడండి. టీమ్‌లో లేనివాళ్ళకు కమిటీలో కనీసం ఇద్దరికి చోటుండాలని అడగండి. ఇంకో సంగతి, అక్కడ గొడవ ఎంత ముదిరినా తీర్పు చెప్పే చోటు ఒకటుంది. మీకు అలాంటి చోటు లేదు, అదే మీ క్లబ్ అసలు జబ్బు.

టీమ్ వాళ్ళ వైపు కూడా ఒక్క మాట. యూనివర్సిటీ తరఫున మ్యాచ్‌లు ఆడేవాళ్ళకు గట్టి ప్రాక్టీసు కావాలి. తమ స్థాయి వాళ్ళతోనే ఆడాలి. అది వాళ్ళ గొప్ప కాదు, అవసరం. అందుకని సమానంగా పంచమని పట్టుబట్టకండి. మూడు సాయంత్రాల్లో ఒకటి పూర్తిగా టీమ్‌కి, మిగతా రెండు పూర్తిగా అందరికీ అని అడిగి చూడండి. టీమ్‌కి నాలుగు కోర్టులూ ఒకేసారి దొరికితే వాళ్ళ డ్రిల్స్ బాగా సాగుతాయి. ఆ మిగతా రెండు రోజుల్లో వాళ్ళూ పెగ్గు పెట్టి మీతోనే ఆడతారు. నా అంచనా ప్రకారం దీనికి కెప్టెనే ముందు ఒప్పుకుంటాడు.

వేరే క్లబ్ పెట్టడం నాకు నచ్చలేదు. కోర్టులు యూనివర్సిటీవి, మీరు విడిపోయినంత మాత్రాన అవి ఆరు కావు. కొత్త క్లబ్బుకి గుర్తింపు దొరకడం కష్టం, దొరికినా మిగిలిపోయిన వేళలే ఇస్తారు. అన్నిటికంటే ముఖ్యంగా, మీ 20 మంది వెళ్ళిపోతే అక్కడ అడిగేవాళ్ళే ఉండరు. ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లోనే చెప్పింది ఇదే. సంస్థ దిగజారుతుంటే దాని బాగోగుల మీద ఎక్కువ పట్టింపు ఉన్నవాళ్ళే మొదట వెళ్ళిపోతారు, దాంతో సరిదిద్దగల గొంతు కూడా వాళ్ళతో పాటే పోతుంది. వచ్చే ఏడాది రాకెట్ పట్టుకుని కొత్తగా వచ్చే అమ్మాయి బెంచీ మీద మీ చోట్లోనే కూర్చుంటుంది.

స్పోర్ట్స్ ఆఫీసుకి కంప్లైంట్ చివరి మెట్టు. ఉత్తరం ఇచ్చి, గడువు దాటి, మళ్ళీ ఒకసారి గుర్తుచేసినా లెక్క చూపించకపోతే అప్పుడు వెళ్ళండి. ఆ రెండు ఉత్తరాల కాపీలు తీసుకుని వెళ్ళండి. కానీ ఎవరైనా వేధిస్తున్నా, బెదిరిస్తున్నా, దెబ్బలు తగిలే పరిస్థితి ఉన్నా ఈ మెట్లేవీ వద్దు. అదే రోజు వెళ్ళి చెప్పండి.

గొడవలంటే టెన్షన్ అన్నారు. నేను చెప్పినవాటిలో గొడవ ఎక్కడైనా ఉందేమో చూసుకోండి. కష్టమైంది వేరే ఉంది. సమావేశం జరిగి, ఎన్నిక తేదీ పెట్టి, "ట్రెజరర్‌గా ఎవరుంటారు?" అని అడిగినప్పుడు మీ 20 మందీ ఒకరి మొహం ఒకరు చూసుకోకూడదు. ఆ చేయి ఎవరిదో ఇప్పుడే మాట్లాడుకోండి. మీదే అయితే నాకు సంతోషం.

వచ్చే ప్రాక్టీసుకి ఒక అరగంట ముందు వెళ్ళండి. ఆ వేళకి హాల్లో సెక్రటరీ ఒక్కడే స్తంభాలు దొర్లించుకొస్తూ ఉంటాడు. నెట్ రెండో కొస మీరు పట్టుకోండి. మధ్యలో ఎత్తు 1.524 మీటర్లు ఉండాలి, ఒకరు తాడు బిగిస్తుంటే ఇంకొకరు కొలిచి చూడాలి, ఒక్కరి వల్ల సరిగా కాదు. నాలుగు కోర్టులకూ నెట్లు కట్టేసరికి పావుగంట పడుతుంది. ఆ పావుగంటలో అతన్నే అడగండి, మన క్లబ్ నియమావళి కాపీ ఎక్కడుందని.